'ది ఇన్నర్ లైట్' పాటకు దాన్ని వాయించినవారి పేర్లు చేర్చండి: బీటిల్స్ ముద్రణల హక్కుదారులకు బహిరంగ లేఖ

బీటిల్స్ ధ్వనిముద్రణల హక్కుదారులకు, ఆ పాటలను శ్రోతలకు అందిస్తున్న సంగీత యాప్‌ల నిర్వాహకులకు, 1968 నాటి బొంబాయి స్టూడియో పత్రాలు ఇప్పుడు ఎవరి అధీనంలో ఉన్నాయో వారికి,

నమస్కారం.

మేము హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, బెంగళూరు నగరాల్లోనూ, కొందరం అమెరికాలోనూ ఉంటూ బ్రిటిష్ సంగీత బృందం బీటిల్స్ పాటలను ఏళ్ల తరబడి వింటున్న తెలుగువాళ్లం. ఆ పాటలను చెడిపోకుండా కాపాడి, శుభ్రపరచి, కొత్త తరాలకు అందిస్తున్నందుకు మీకు కృతజ్ఞులం. ఈ లేఖ మాత్రం ఒక్క పాట గురించి. 'ది ఇన్నర్ లైట్' పాటలో వాయించిన భారతీయ వాద్యకారుల పేర్లు పాట వివరాల్లో చేర్చమని కోరుతూ గత మూడేళ్లలో హక్కుదారు సంస్థకు నాలుగు ఉత్తరాలు రాశాం. మొదటి మూడింటికి, ఉత్తరం అందిందని యంత్రం పంపే జవాబు వచ్చింది. నాలుగోదానికి అదీ రాలేదు. ఒక సంగీత యాప్ వారిని అడిగితే, పాట వివరాలు హక్కుదారుల నుంచే రావాలని, తాము మార్చలేమని చెప్పారు. హక్కుదారులు పలకరు, యాప్‌వారు హక్కుదారులను చూపిస్తారు. ఈ రెండింటి నడుమ తిరిగి తిరిగి, చివరికి ఈ విషయాన్ని పదిమంది ముందు పెడుతున్నాం.

ముందుగా ఆ పాట ఎలాంటిదో చెప్పాలి. దాని విలువ తెలియకపోతే మా కోరిక చాదస్తంలా కనిపించవచ్చు.

1967 శరత్కాలంలో డేవిడ్ ఫ్రాస్ట్ టెలివిజన్ కార్యక్రమంలో ధ్యానం గురించి జరిగిన చర్చలో బీటిల్స్ సభ్యులు జార్జ్ హారిసన్, జాన్ లెనన్‌లతో పాటు కేంబ్రిడ్జ్‌లో సంస్కృతం బోధించిన హ్వాన్ మస్కరో కూడా పాల్గొన్నారు. ఆయన స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపంలో పుట్టినవారు, భగవద్గీతను, ఉపనిషత్తులను ఇంగ్లీషులోకి అనువదించినవారు. ఆ తర్వాత ఆయన వివిధ మతాల సూక్తులతో తాను కూర్చిన సంకలనం ఒకటి హారిసన్‌కు పంపి, అందులోని ఒక చైనా ప్రాచీన కవితకు స్వరం కట్టకూడదా అని ఉత్తరం రాశారు. ఆ కవిత లావోజు పేర ప్రసిద్ధమైన 'తావో తె చింగ్' గ్రంథంలోని 47వ అధ్యాయం. గడప దాటకుండానే లోకాన్ని తెలుసుకోవచ్చునని, ఎంత దూరం తిరిగితే అంత తక్కువ తెలుస్తుందని దాని సారం. వేమన పద్యాలు విని పెరిగిన మాకు ఆ మాట కొత్తగా తోచలేదు. దేశాలు తిరిగి గుళ్లూ రాళ్లూ చూడటం కన్నా లోపలికి చూసుకోమనే మాట మా ఊళ్లలో బడి పిల్లలకు కూడా తెలుసు.

1968 జనవరిలో హారిసన్ 'వండర్‌వాల్' అనే సినిమాకు సంగీతం చేసే పని మీద బొంబాయి వచ్చారు. అక్కడి హెచ్.ఎం.వి. స్టూడియోలో కొద్ది రోజుల పాటు హిందుస్తానీ వాద్యకారులతో పనిచేశారు. రవిశంకర్ శిష్యులైన శంభుదాస్ కళాకారులను సమకూర్చడంలో తోడ్పడ్డారు. అప్పట్లో గ్రామఫోన్ కంపెనీ వ్యవహారాలు చూస్తున్న భాస్కర్ మీనన్ రెండు ట్రాకుల ముద్రణ యంత్రాన్ని కలకత్తా నుంచి రైలులో తెప్పించి ఇచ్చారని హారిసన్ తరువాత గుర్తు చేసుకున్నారు. స్టూడియోలోకి వీధిలో తిరిగే బండ్ల చప్పుడు చొరబడేదని కూడా ఆయన చెప్పారు. సినిమా పని కాగానే ఆ జనవరి రెండో వారంలోనే, అదే గదిలో, అదే యంత్రం మీద ఈ పాట వాద్య భాగాన్ని ముద్రించారు. ఫిబ్రవరి 6న లండన్‌లో హారిసన్ తన గొంతు చేర్చారు. అంత పైస్థాయిలో పాడగలనా అని ఆయన సంకోచిస్తే మిగతావారు ధైర్యం చెప్పారని ఆనాడు స్టూడియోలో ఉన్నవారు చెబుతారు. రెండు రోజుల తర్వాత లెనన్, బృందంలో మరొకరైన పాల్ మెకార్ట్‌నీ వచ్చి చివరి పంక్తికి గొంతు కలిపారు. బీటిల్స్ స్టూడియో ముద్రణల్లో ఐరోపా ఖండం బయట జరిగినది ఇదొక్కటే.

పాట నిడివి 2 నిమిషాల 36 సెకన్లు. అది పరుగుతోనే మొదలవుతుంది. తీగల వాద్యం సరోద్, ఊదే వాద్యం షెహనాయి ఒకదానినొకటి పిలుచుకుంటున్నట్టు దూసుకుపోతుంటే పఖావజ్ అనే తాళవాద్యం కింద నుంచి వాటిని మోస్తూ ఉంటుంది. బజారు వీధిలోంచి నడుస్తున్నంత సందడి. ఆ వెంటనే సందడి ఒక్కసారిగా సద్దుమణిగి, హార్మోనియం శ్రుతి మీద, పక్కన వేణువు తోడుగా, హారిసన్ గొంతు తగ్గించి పాడతారు. మళ్లీ పరుగు, మళ్లీ నెమ్మది. గడప లోపల కూర్చుని లోకాన్ని తెలుసుకోవడమనే మాటను చెప్పడానికి ఇంతకంటే తగిన పద్ధతి మాకు తోచదు. వాద్యాలు పరుగెత్తినప్పుడు అది బయటి లోకం, గొంతు వినిపించినప్పుడు అది లోపలి గది. అంటే పాటలోని భావంలో సగం మాటల్లో ఉంటే, మిగిలిన సగం వాద్యకారుల చేతుల్లో ఉంది. వాద్యాలను తీసేస్తే మిగిలేది మంచి సలహా చెప్పే చిన్న కవిత మాత్రమే.

ఇంకొక్క మాట కూడా చెప్పాలి. హారిసన్ అంతకు ముందు ఇదే బాటలో రెండు పాటలు చేశారు: 1966లో 'లవ్ యూ టూ', 1967లో 'వితిన్ యూ వితవుట్ యూ'. రెండూ గొప్ప ప్రయత్నాలే. రెండో పాటలో చెప్పదలచుకున్నది ఎక్కువై ఉపన్యాసం వింటున్నట్టు అక్కడక్కడా అనిపిస్తుంది. 'ది ఇన్నర్ లైట్'లో ఆ బరువు లేదు. ఎక్కడా గిటారు లేదు, పాశ్చాత్య డ్రమ్ములు లేవు, అయినా పరాయి వేషం వేసుకున్నట్టు ఉండదు. మా దృష్టిలో ఆ మూడింటిలో ఇదే పరిపూర్ణమైనది.

అలాంటి పాటకు దక్కిన చోటు ఏమిటి? 1968 మార్చి 15న 'లేడీ మడోన్నా' సింగిల్ రికార్డుకు (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు) రెండో వైపున వేశారు. బీటిల్స్ సింగిల్ రికార్డు మీద హారిసన్ రచనకు చోటు దొరకడం అదే మొదటిసారి. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో ఒకే ఒక్క వారం, 96వ స్థానంలో కనిపించి వెళ్లిపోయింది. ఏ స్టూడియో ఆల్బంలోనూ లేదు. 1973లో బీటిల్స్ పేరున్న పాటలతో వచ్చిన ఎరుపు, నీలం సంకలనాల్లో లేదు. 2023లో వాటిని పెంచి మళ్లీ వేసినప్పుడు హారిసన్ పాటలు మరికొన్ని చేర్చారు గాని దీన్ని చేర్చలేదు. 1990ల నాటి ఆంథాలజీ సంపుటాల్లో లేదు. మాలో చాలామంది దీన్ని 1988 నాటి 'పాస్ట్ మాస్టర్స్' రెండో భాగంలోనే మొదటిసారి విన్నాం, అదీ 'లేడీ మడోన్నా' కోసం తెచ్చుకుని. 2002 నవంబరు 29న, హారిసన్ కన్నుమూసిన ఏడాదికి, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆయన స్మారకంగా జరిగిన కచేరీలో అనౌష్కా శంకర్ సితార్ వాయించగా హారిసన్ మిత్రుడు, గాయకుడు జెఫ్ లిన్ ఈ పాట పాడినప్పుడు, ఇదెక్కడి పాట అని వెతుక్కున్నవాళ్లు మాలోనే ఉన్నారు.

పాట మరుగున పడటం ఒక బాధ. మా ఫిర్యాదు దానికంటే తీవ్రమైనది: ఆ పాట దొరికినవారికి కూడా దాన్ని వాయించినది ఎవరో తెలియదు.

మేము వాడే యాప్‌లలో పాట వివరాలు తెరిస్తే బృందం పేరు, రచయిత పేరు, నిర్మాత పేరు కనిపిస్తాయి. సరోద్ వాయించినది ఎవరో, వేణువు ఊదినది ఎవరో, పఖావజ్ మీద ఎవరి చేతులు పడ్డాయో ఒక్క అక్షరం లేదు. బీటిల్స్ నలుగురిలో ముగ్గురి గొంతులు మాత్రమే ఉన్న ఈ పాటలో వినిపించే వాద్యాలన్నీ ఇతరులు వాయించినవే. ఆ ఇతరులే కనబడరు.

సింగిల్ రికార్డు మీద వేసే చిన్న గుండ్రటి కాగితంలో చోటు ఉండేది కాదని, ఆనాటి పద్ధతే అదని మీరు అనవచ్చు. ఆ పద్ధతిని మేము తప్పు పట్టడం లేదు. కానీ బీటిల్స్ చరిత్రలోనే దానికి మినహాయింపులు ఉన్నాయి. 1966లో 'రివాల్వర్' ఆల్బం అట్ట మీద తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు ఉంది, ఫ్రెంచ్ హార్న్ ఊదిన అలన్ సివిల్ పేరు ఉంది. 1969లో 'గెట్ బ్యాక్' సింగిల్ మీద, అదే గుండ్రటి కాగితంలో, బృందం పేరు పక్కన, కీబోర్డు వాయించిన బిల్లీ ప్రెస్టన్ పేరు వేశారు. వేయాలనుకున్నప్పుడు చోటు దొరికింది. అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం హారిసన్ స్వయంగా ఇచ్చారు. అదే స్టూడియోలో, అవే రోజుల్లో ముద్రించిన సినిమా సంగీతం 1968 నవంబరులో 'వండర్‌వాల్ మ్యూజిక్' అనే ఆల్బంగా వచ్చినప్పుడు, భారతీయ వాద్యకారుల పేర్లు, ఎవరు ఏ వాద్యమో, అట్ట మీద అచ్చువేయించారు. ఆశిష్ ఖాన్, మహాపురుష్ మిశ్రా, శంభుదాస్, శంకర్ ఘోష్, శివకుమార్ శర్మ, రిజ్‌రామ్ దేశాద్ వంటి పేర్లు అక్కడ కనిపిస్తాయి. అంటే ఈ గౌరవం ఇవ్వాలన్న ఆలోచన పాట కట్టిన మనిషికి ఉంది. ఆల్బంకు దక్కినది, దాని తోబుట్టువు లాంటి ఈ పాటకు దక్కలేదు.

ఈ లోపం వల్ల నష్టపోయేది ఎవరో వివరంగా చెబుతాం.

1. మొదటి నష్టం ఆ వాద్యకారుల కుటుంబాలది. సరోద్ విద్వాంసులు ఆశిష్ ఖాన్ అల్లావుద్దీన్ ఖాన్ మనవడు, అలీ అక్బర్ ఖాన్ కొడుకు. ఆ ముద్రణ నాటికి ఆయనకు 28 ఏళ్లు. 2024 నవంబరులో కన్నుమూశారు. ఆయనది పేరున్న ఘరానా (సంగీత వంశ సంప్రదాయం) కాబట్టి ఆయన కథ ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. కానీ ఆ గదిలో కూర్చున్నవారిలో అందరూ అలాంటివారు కాదు. బొంబాయి సినిమా స్టూడియోల్లో ఏ పిలుపు వస్తే దానికి వెళ్లి, వాయించి, ఆ రోజు చెల్లింపు తీసుకుని ఇంటికి వెళ్లిన షెహనాయి వాద్యకారుడి మనవరాలు, ఈ పాటలో వినిపించేది మా తాతయ్య ఊపిరి అని పదిమందిలో చెప్పాలంటే ఏ కాగితం చూపించాలి? మద్రాసు స్టూడియోల్లో మన తెలుగు సినిమా పాటలకు వయొలిన్లు, వేణువులు, తబలాలు వాయించిన వందలాది మంది కుటుంబాలకు ఈ ప్రశ్న బాగా తెలుసు. రికార్డు మీద గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు ఉంటాయి. పాటకు ప్రాణం పోసిన ఆ వేణువు ముక్క వాయించినది ఎవరో వాళ్ల ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలుసు. కొన్నాళ్లకు వాళ్లకూ తెలియదు.

2. ఇందులో డబ్బు విషయం కూడా ఉంది, దాన్ని మొహమాటం లేకుండా చెప్పాలి. ఐరోపా చట్టానికి అనుగుణంగా బ్రిటన్ 2013 నవంబరు 1 నుంచి ధ్వనిముద్రణల హక్కుల కాలాన్ని 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెంచింది. పెంచిన కాలంలో, ఒక్కసారి చెల్లింపు తీసుకుని హక్కులు వదులుకున్న వాద్యకారుల కోసం ఆ ముద్రణ మీద వచ్చే రాబడిలో 20 శాతం ఏటా కేటాయించాలని నియమం పెట్టింది. 1968లో విడుదలైన పాటకు తొలి 50 ఏళ్లు 2018తో ముగిశాయి. బొంబాయిలో వాయించినవారికి ఆ నియమం వర్తిస్తుందో లేదో తేల్చవలసింది న్యాయ నిపుణులు. కానీ ఆ ప్రశ్న వేయడానికైనా అడిగేవారికి ఒక పేరు, ఒక ఆధారం ఉండాలి. పేరే లేనివారి తరఫున ఎవరు దరఖాస్తు పెడతారు?

3. తప్పుడు చరిత్ర నిలబడిపోతోంది. బీటిల్స్ ముద్రణల గురించి వచ్చిన పుస్తకాల్లో ఈ పాటకు వేణువు వాయించినది హరిప్రసాద్ చౌరాసియా అని ఉంది. అదే రోజుల్లో ముద్రించిన 'వండర్‌వాల్ మ్యూజిక్' అట్ట మీద వేణువు పక్కన ఎస్.ఆర్. కెంకరే పేరు ఉంది. షెహనాయి వాయించిన శరద్ గారి ఇంటి పేరు ఒక చోట ఘోష్ అని, మరొక చోట జాదవ్ అని ఉంటుంది. అభిమానులు వీటి మీద గంటల తరబడి వాదించుకుంటారు. మేమూ వాదించుకున్నాం. కానీ వాదనలతో తేలే విషయం కాదిది. ఆ రోజు ఎవరెవరికి చెల్లింపు జరిగిందో రాసిన కాగితంతో తేలుతుంది. చౌరాసియా గారు 1938లో పుట్టారు, మన మధ్యనే ఉన్నారు. ఆయన్ను అడిగి రాసుకునే అవకాశం ఉండగానే ఆ పని జరగాలి. 'వండర్‌వాల్' ముద్రణల్లో సంతూర్ వాయించిన శివకుమార్ శర్మ గారు 2022 మేలో వెళ్లిపోయారు. ఏడాదికి ఒక సాక్షి తగ్గిపోతున్నారు.

4. నేర్చుకునే పిల్లలకు దారి దొరకడం లేదు. పఖావజ్ అంటే ఏమిటో తెలియని మా ఇళ్ల పిల్లలు ఈ పాట విని, ఇది మృదంగమా అని అడుగుతారు. కాదని చెప్పి, అది మృదంగానికి ఉత్తరాది బంధువు అని చెప్పి, వాయించిన మహాపురుష్ మిశ్రా అలీ అక్బర్ ఖాన్‌తో ఎన్నో ఏళ్లు దేశవిదేశాల్లో తబలా వాయించారని చెబితే, ఆ పిల్లలు ఆయన ఇతర కచేరీల కోసం వెతుకుతారు. ఒక పాట నుంచి ఒక సంప్రదాయంలోకి తలుపు అలా తెరుచుకుంటుంది. యాప్‌లో వాద్యకారుడి పేరు నొక్కితే ఆయన వాయించినవన్నీ కనిపించే సౌకర్యం ఈనాడు ఉంది. ఈ పాటలో నొక్కడానికి పేరు లేదు, కాబట్టి ఆ తలుపూ లేదు.

5. చివరగా, సామాన్య శ్రోత ఈ పాటను అర్థం చేసుకునే తీరే దెబ్బతింటోంది. పేర్లు లేనప్పుడు వాద్య సంగీతం కాస్తా 'భారతీయ రంగు', 'తూర్పు వాసన' వంటి మాటల కింద జమ అవుతుంది. పాట విడుదలైనప్పుడు మెకార్ట్‌నీ అంతటివారు దీన్ని మెచ్చుకుంటూనే, భారతీయ సంగీతాన్ని పక్కన పెట్టి దాని రాగాన్ని వినమన్నట్టు మాట్లాడారు. ఆయన ఉద్దేశం మంచిదే, ఆనాటి పాశ్చాత్య శ్రోతలు బెదిరిపోకుండా పాట దగ్గరికి తీసుకురావాలన్నదే ఆయన తాపత్రయం. అయినా ఆ మాట యాభై ఏళ్లకు పైగా నిజంగానే అమలైనట్టుంది. వాద్యకారులను పక్కన పెట్టి పాటను మాత్రం అమ్ముకుంటున్నాం.

ఇది సాధ్యం కాని పని అని ఎవరైనా అంటే, 'వితిన్ యూ వితవుట్ యూ' సంగతి గుర్తు చేస్తాం. లండన్‌లో ముద్రించిన ఆ పాటలో వాయించిన భారతీయుల పేర్లు దాదాపు యాభై ఏళ్లు అట్ట మీద లేవు. పరిశోధకుల పట్టుదల వల్ల 2017 నాటికి అన్నా జోషి, అమృత్ గజ్జర్, బుద్ధదేవ్ కన్సారా, నట్వర్ సోనీ అనే పేర్లు వెలుగులోకి వచ్చాయి. వెతికితే దొరికారు. బొంబాయివారి కోసం ఎవరూ అంత గట్టిగా వెతకలేదు.

మీరు ఈ ముద్రణలను ఈ మధ్యే మళ్లీ తెరిచారన్న సంగతి మాకు తెలుసు. 2006లో 'లవ్' ఆల్బంలో 'హియర్ కమ్స్ ద సన్' చివర ఈ పాట వాద్యాలను కలిపారు. 2014లో 'వండర్‌వాల్ మ్యూజిక్' మళ్లీ విడుదల చేసినప్పుడు దీని మరో ముద్రణను జత చేశారు. 2018లో, 'తెల్ల ఆల్బం' అని పిలిచే బీటిల్స్ 1968 ఆల్బం యాభయ్యో ఏట తెచ్చిన పెద్ద పెట్టెలో గొంతు లేని వాద్య భాగాన్ని విడిగా ఇచ్చారు. ఆ చివరిది మా అందరికీ ఎంతో ఇష్టం, ఎందుకంటే అందులో ఆ వాద్యకారులు తప్ప మరెవరూ లేరు. ఆ ముద్రణకు కళాకారులుగా బీటిల్స్ పేరు ఒక్కటే ఉండటం చూస్తే మనసు చివుక్కుమంటుంది. పాడినవారి గొంతు ఒక్కటైనా వినిపించని ముద్రణ మీద కూడా వాయించినవారి పేరు లేకపోవడాన్ని ఏ పాత పద్ధతితోనూ సమర్థించలేం.

భారత కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ప్రదర్శకుల హక్కులను గుర్తించింది. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్, తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకునే హక్కును ప్రదర్శకుడికి ఇచ్చింది. 1968 నాటి ముద్రణ మీద ఆ సెక్షన్ చూపించి కోర్టుకెక్కాలన్నది మా ఉద్దేశం కాదు. ఏది న్యాయమో ఈ దేశం చట్టంలో రాసుకున్నాక, ఈ దేశంలో ముద్రించిన పాటకు ఆ న్యాయం స్వచ్ఛందంగా చేయమని అడుగుతున్నాం.

మా కోరికలు ఇవి.

1. 1968 జనవరి బొంబాయి ముద్రణలకు సంబంధించిన స్టూడియో నమోదు పత్రాలు, చెల్లింపు రసీదులు, టేపు డబ్బాల మీది రాతలు లండన్‌లో ఉన్నవి లండన్‌లోనూ, ముంబయి, కోల్‌కతాల్లో ఉన్నవి అక్కడా వెతికించి, వాటిని పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఆ స్టూడియో వారసత్వం పొందిన భారతీయ సంస్థ ఇందులో భాగం కావాలి. పుస్తకాల్లో కనిపించిన పేర్లను గుడ్డిగా ఎక్కించమని మేము అడగడం లేదు. వాయించని మనిషి పేరు వేస్తే వాయించిన మనిషికి రెండోసారి అన్యాయం జరుగుతుంది.

2. ఆ రోజుల్లో అక్కడ ఉన్నవారిలో జీవించి ఉన్నవారిని, లేనివారి కుటుంబాలను, శిష్యులను కలిసి వారి జ్ఞాపకాలను నమోదు చేయాలి. ఇది ఆలస్యం చేయగలిగిన పని కాదు.

3. నిర్ధారణ అయిన పేర్లను, వారి వాద్యాలను 'ది ఇన్నర్ లైట్' అన్ని ముద్రణల వివరాల్లో చేర్చి యాప్‌లకు పంపాలి. పేర్లు అందిన వెంటనే యాప్‌ల నిర్వాహకులు వాటిని పాట పక్కనే కనిపించేలా పెట్టాలి. నాలుగు తెరలు దాటితే గాని దొరకని మూలన పెట్టవద్దు.

4. 20 శాతం నియమం ఈ వాద్యకారులకు వర్తిస్తుందో లేదో న్యాయ నిపుణుల చేత తేల్పించి, వర్తిస్తే కుటుంబాలను వెతికి పట్టుకుని చెల్లించాలి. వర్తించకపోతే ఆ మాటను కారణాలతో సహా బహిరంగంగా చెప్పాలి.

5. ఇకముందు వేసే ఏ సంకలనంలోనైనా హారిసన్ పాటలకు చోటు ఇచ్చేటప్పుడు ఈ పాటను విస్మరించవద్దు. ఇది అభిమానులుగా మా కోరిక, పై నాలుగింటి తర్వాతే దీన్ని చూడండి.

రేడియో వ్యాఖ్యాతలకు, ఈ పాట గురించి రాసే తోటి అభిమానులకు కూడా ఒక విన్నపం. పాటను పంచుకున్నప్పుడు 'భారతీయ వాద్యాలతో' అని ఊరుకోకుండా, బొంబాయి వాద్యకారులు వాయించారని చెప్పండి, తిరుగులేని పేర్లు తెలిసినంతవరకు చెప్పండి. 'వండర్‌వాల్ మ్యూజిక్' పాత రికార్డు మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే దాని అట్ట మీది పేర్లు ఒకసారి చదవండి. ఆ వాద్యకారుల బంధువులో శిష్యులో మీకు తెలిసి ఉంటే, వాళ్ల దగ్గర పాత ఉత్తరాలు, ఫోటోలు, రసీదులు ఉన్నాయేమో అడిగి భద్రం చేయించండి.

రాబోయే మార్చి 15కి ఈ పాట విడుదలై మరో ఏడాది నిండుతుంది. ఆ తేదీలోగా మొదటి రెండు పనులు మొదలయ్యాయని తెలిపే సమాధానం, యంత్రం పంపినది కాక ఒక మనిషి రాసినది, మాకు అందాలని కోరుతున్నాం. ఆ సమాధానం ఏదైనా యథాతథంగా అందరికీ చూపిస్తాం. రాకపోతే ఇవే కోరికలతో, ఇంకా ఎక్కువ సంతకాలతో మరో లేఖ మార్చి 16న వెలువడుతుంది.

ఇట్లు,
'ది ఇన్నర్ లైట్'ను ప్రేమించే తెలుగు శ్రోతలు